ఒక్కపొద్దు నాడు పన్నెండు మాత్రలు

1998 నవంబరు 3, మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. సూపరింటెండెంట్ గారి గది. హాజరైనవారు: సూపరింటెండెంట్ గారు, రక్తవ్యాధుల విభాగం పెద్ద డాక్టరు గారు, అదే విభాగంలో ఆ ఏడే చేరిన చిన్న డాక్టరు గారు, వార్డు ఇన్‌చార్జి సిస్టరుగా నేను. పిలవనివారు: గది బయట బల్ల మీద కూర్చున్న సాయిలు. అతని భార్య యాదమ్మ గురించే ఈ సమావేశం.

డైరీలో ఆ పేజీ ఇలాగే ఉంది. నేను ఎప్పుడూ హాజరైనవారి పేర్లే రాస్తాను. ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో పిలవనివారి వరుస ఒకటి రాసింది ఆ ఒక్కరోజే.

మా చెల్లెలి మనవరాలు నర్సింగ్ ముగించి ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. "అమ్మమ్మా, మీ అనుభవాలు రాసి పెట్టండి, మా బ్యాచంతా చదువుకుంటాం" అంది. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో దానికి అక్కర్లేదు. అందుకని నాకు చేదుగా మిగిలినవే రాస్తున్నాను. ఆస్పత్రి పేరు రాయను. మాదాపూర్ అవతల, రాళ్ళ గుట్టలు పగలగొట్టి కొత్త కొత్త ఆఫీసులు లేపుతున్న రోజుల్లో ఉండేది. ఇప్పుడక్కడ వేరేదేదో ఉంది.

మూడు కాలమ్‌ల కాగితం

రక్త క్యాన్సర్ వైద్యంలో మొదటి ఏడెనిమిది నెలలు కష్టమని అందరికీ తెలుసు. ఇంజక్షన్లు, జుట్టు రాలడం, వాంతులు అన్నీ మన కళ్ళ ముందే, వార్డులోనే జరుగుతాయి. అసలు చిక్కు తరువాతి రెండేళ్ళది. వ్యాధి అణిగి ఉంటుంది, అది మళ్ళీ లేవకుండా రోగి ఇంట్లోనే మాత్రలు వేసుకోవాలి. రోజూ ఒక తెల్ల మాత్ర. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ అనే చిన్న పసుపు మాత్రలు, మనిషిని బట్టి పదో పన్నెండో ఒకేసారి. నెలకు కొన్నాళ్ళు స్టెరాయిడ్. ఇంట్లో ఏం జరుగుతోందో మనకు తెలియదు. నెలకోసారి వచ్చినప్పుడు రక్తం ఎంత చెబితే అంతే.

మా దగ్గర ఇదే జబ్బుకు మందులు వాడుతూ కృష్ణప్రసాద్ అని తెనాలి వైపు కుర్రాడు ఉండేవాడు. ప్రోగ్రామరు. ఎవరు ఏ సలహా ఇచ్చినా కంప్యూటర్లో పట్టిక వేసి, ప్రింటు తీసి తెచ్చేవాడు.

"మేడమ్, ఇది చూడండి. పెద్ద డాక్టరు గారు తెల్ల మాత్ర పాలతో వద్దన్నారు. చిన్న డాక్టరు గారు వాంతి వస్తుంటే పాలతోనైనా పరవాలేదన్నారు. డైట్ చెప్పే మేడమేమో రోజుకు అరలీటరు పాలు తాగమన్నారు. నేను ఏ కాలమ్ ఫాలో అవ్వాలండి?"

"పెద్ద డాక్టరు గారి కాలమ్."

"ఎందుకండి?"

"ఆయన పెద్ద కాబట్టి."

"మా ఆఫీసులోనూ ఇంతేనండి" అని నవ్వాడు.

అప్పుడు నేనూ నవ్వాను. అది నవ్వే సంగతి కాదు. పెద్ద డాక్టరు గారు చెప్పింది సరైనదే కావచ్చు; కానీ ఎందుకు సరైనదో నాకు తెలియదు, నేను అడగలేదు. ఆయనను ఎందుకు అని అడిగిన సిస్టర్లను ఆయన పిల్లల వార్డుకు మార్పించేవారు. చిన్న డాక్టరు గారు బాగా చదువుకున్న మనిషి, బొంబాయిలో పనిచేసి వచ్చారు. ఆయన మాట్లాడేది రోగితో. పెద్దాయనతో మాత్రం మాట్లాడేవారు కాదు. ఇద్దరి మధ్య ఒక గోడ. గోడకు ఇటూ అటూ నలిగేది రోగులే. మందు చేసే హాని కన్నా ఈ గోడ చేసిన హాని ఎక్కువ చూశాను.

కృష్ణప్రసాద్ స్టెరాయిడ్ వాడే రోజుల్లో అర్ధరాత్రి లేచి హాస్టల్ వంటవాడితో పోట్లాడేవాడట, ఆకలి ఆగక. మొహం గుండ్రంగా ఉబ్బితే వాళ్ళ మేనేజరు "రాత్రంతా తాగావా?" అని అడిగాడట. ఇలా ఉంటుందని అతనికి ముందే ఎవరూ చెప్పలేదు. మీ రోగులకు మీరు చెప్పండి. ముందే చెబితే మందు మీద కోపం వస్తుంది. చెప్పకపోతే తనకు పిచ్చి పడుతోందనుకుంటాడు.

శనివారం

యాదమ్మది మణికొండ. అప్పటికది ఊరే, అపార్ట్‌మెంట్లు లేవు. ముప్పై రెండేళ్ళ మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. సాయిలు సెంట్రింగ్ పనికి వెళ్ళేవాడు. మాదాపూర్‌లో లేస్తున్న బిల్డింగులకు స్లాబు చెక్కలు కొట్టేవాడు. మొదటి తొమ్మిది నెలలూ యాదమ్మ మా వార్డులో ఎవరినీ ఒక్క మాట అనకుండా గడిపింది. జుట్టు పోయినప్పుడు మాత్రం, "పోతే పాయె, పేల బాధ తప్పింది" అంది. ఆ రోజు వార్డంతా నవ్వింది.

సెప్టెంబరులో ఇంటి మాత్రలు మొదలయ్యాయి. పెద్ద డాక్టరు గారు పసుపు మాత్రలు ఆదివారం అన్నారు. చిన్న డాక్టరు గారు శుక్రవారం అన్నారు, మర్నాడు నలత చేస్తే ఓపీకి రావచ్చు కదా అని. మందుల కౌంటరులో అబ్బాయి "ఏ రోజైనా ఒకటే, వారం తప్పొద్దు" అన్నాడు. యాదమ్మ కవరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఎవల మాట ఇనాలె సిస్టరమ్మ? ఒకరు ఐతారం అంటరు, ఒకరు శుక్రారం అంటరు. నాకు పరేషాన్ అయితున్నది. వారం అంటే ఏ వారం?"

ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదివేది. తేదీలు, క్యాలెండరు ఆమెకు పట్టవు. నేను పద్ధతి మనిషిని. ప్రతి రోగికి, వాళ్ళు మరచిపోలేని ఒక గుర్తు వెతికి ఇవ్వడం నా అలవాటు. ఆ అలవాటు గురించి నాకు కొంచెం గర్వం కూడా.

"యాదమ్మా, వారంలో నువ్వు తప్పకుండా చేసే పని ఏదైనా ఉందా?"

"శనారం ఒక్కపొద్దు ఉంట. ఎంకటేశ్వర సామికి. పెండ్లి కాకముందునుంచి ఉంటున్న."

ఒక్కపొద్దు అంటే రోజంతా ఉపవాసం ఉండి ఒక్కసారే తినడం. ఇంతకన్నా మంచి గుర్తు ఇంకేముంటుంది అనుకున్నాను. కవరు తీసుకుని పెద్ద అక్షరాలతో రాశాను: "ఒక్కపొద్దు నాడు - 12 మాత్రలు - రాత్రి." నీళ్ళు మాత్రం మానకూడదని నోటితో చెప్పాను. ఆమె ఒకటికి రెండుసార్లు చదువుకుంది. మొహం తేటపడింది.

"ఇగ సమజైంది" అంది.

నేను కూడా డైరీలో రాసుకున్నాను, యాదమ్మ విషయం సులువుగా తేలిపోయిందని. నాలుగు శనివారాలు సరిగ్గా జరిగాయి. దీపావళి మర్నాడు వచ్చింది, రక్తం బాగుంది. కొత్త కవరులో నలభై ఎనిమిది మాత్రలు, నాలుగు వారాలకు. మళ్ళీ అవే అక్షరాలు రాసి ఇచ్చాను. ఆ మర్నాడు కార్తీకం మొదలైంది.

వేడి చేసింది

అక్టోబరు 29, గురువారం యాదమ్మ ఓపీకి వచ్చింది. ఆ రోజు నూరుమందికి తక్కువ లేరు.

"నోరు పొక్కింది సిస్టరమ్మ. వేడి చేసింది."

"జ్వరం ఉందా?"

"జరం లేదు. టోలీచౌకిల ఒక డాక్టరుకు చూపెట్టినం. ఈ పెద్ద దవాఖాన మందులతోని వేడి ఎక్కింది, అన్నీ బంద్ చెయ్ అన్నడు. చెయ్యమంటరా?"

"ఒక్కటి కూడా ఆపకూడదు. పెద్ద డాక్టరు గారు ఏం చెప్పారు? గుర్తుందా?"

"గుర్తుంది."

పుక్కిలించే మందు ఇచ్చి, జ్వరం లేదు అని రాసి పంపాను. మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. మన జనం నోట్లో పుండ్లు పడినా, కళ్ళు మండినా, మూత్రంలో మంట పుట్టినా వేడి చేసిందనే అంటారు. బార్లీ తాగుతారు, మజ్జిగ తాగుతారు. ఆ మాట విని విని దాని వెనకాల ఏముందో అడగడం మానేశాను. ఈ మందు వాడే మనిషికి నోరు పూసిందంటే మందు ఒంట్లో ఎక్కువైందేమో అని అనుమానించాలి. అది నాకు తెలుసు, చదువుకున్నాను, పరీక్షలో రాశాను. "మిగిలిన మాత్రలు తీసి చూపించు" అని ఒక్క మాట అడిగి ఉంటే, ఖాళీ కవరు అప్పుడే బయటికి వచ్చేది. అమ్మాయిలూ, ఈ వ్యాసంలో మీరు పాటించవలసింది ఏదైనా ఉంటే ఇదొక్కటే: రోగి చెప్పింది వినండి, కానీ మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి.

ఆదివారం ఆమెను ఆటోలో తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. పెదవులు, నాలుక, గొంతు అంతా పుండు. తెల్ల కణాలు దాదాపు లేవు. సోమవారం తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. నమూనా సరిగ్గా రాలేదు, రిపోర్టు ఎటూ తేల్చలేదు.

పెద్ద డాక్టరు గారు వ్యాధి తిరగబెట్టింది అన్నారు. బుధవారం నుంచి పెద్ద ఇంజక్షన్లు మళ్ళీ మొదలుపెట్టాలి. చిన్న డాక్టరు గారు ఇది మందుల విషం అన్నారు. అన్నీ ఆపి, విరుగుడు ఇచ్చి ఎదురుచూడాలి. మొదటిది తప్పయితే, కణాల్లేని ఆ ఒంటికి ఆ ఇంజక్షన్లు తట్టుకునే శక్తి లేదు. రెండోది తప్పయితే వ్యాధి పెరుగుతుంది. ఇద్దరూ వేర్వేరుగా సాయిలుకు చెప్పారు. సాయిలు నా దగ్గరికి వచ్చి, "ఒకాయన సూది పెట్టకుంటే చస్తది అంటడు, ఒకాయన పెడితే చస్తది అంటడు. నేనేం జెయ్యాలె, చిట్టీలు ఎయ్యాల్నా?" అని అడిగాడు.

మర్నాడు పదకొండుకు సూపరింటెండెంట్ గారు డాక్టర్లిద్దరినీ పిలిచారని చెప్పాను.

మంగళవారం పొద్దున

ఎనిమిది గంటలకు యాదమ్మకు సెలైన్ సీసా మారుస్తున్నాను. జ్వరం కాస్త దిగింది. మాట ముద్దగా వస్తోంది.

"సిస్టరమ్మ, ఈ బాటిల్ ఎక్కిస్తే ఒక్కపొద్దు చెడుతదా?"

"ఇవాళ మంగళవారం యాదమ్మా. శనివారం కాదుగా."

"కార్తీకం గదా. నెలంతా ఉంటం మేము. మా అత్త ఉన్నది, నేనూ ఉంట. దినాం ఒక్కపొద్దే."

నా చేతిలో ట్యూబు అలాగే ఉంది.

"మరి మాత్రలు?"

"ఏసుకున్న. దినాం రాత్రి పన్నెండు. నాలుగొద్దులకే అయిపోయినయ్. పిల్లల నాయనను షాపుకు తోలిన, గాడ లేవన్నరట."

ఆ షాపులో ఆ మందు లేకపోవడమే ఆమెకు ఆ నెలలో జరిగిన ఒకే ఒక్క మేలు. నాలుగు వారాల మందు నాలుగు రోజుల్లో మింగింది. నేను రాసిందాన్ని అక్షరం తప్పకుండా పాటించింది. మంచం కింద సంచిలో కవరు ఉంది. నా చేతిరాతే.

మేము బాపట్ల వైపు క్రైస్తవులం. మా ఇంట్లో ఈస్టరు ముందు శ్రమల దినాలకు నలభై రోజులూ ఉపవాసం ఉండేవాళ్ళం. భక్తి ఉన్నవాళ్ళకు ఉపవాసాలు ఏడాదంతా ఒకే లెక్కలో ఉండవని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కింటివాళ్ళు కార్తీకంలో నక్షత్రం చూసి భోంచేయడం చిన్నప్పటి నుంచి చూసినదాన్నే. అయినా ఆ కవరు మీద శనివారం అనే మాట రాయలేదు. రాసి ఉంటే మూడు సెకన్లు ఎక్కువ పట్టేది.

గదిలో

గదిలో మొదటి పావుగంట ఇద్దరు డాక్టర్లూ మూలుగ రిపోర్టు గురించి వాదించుకున్నారు. ఒకరి వైపు ఒకరు చూసుకోకుండా, ఇద్దరూ సూపరింటెండెంట్ గారి వైపే చూస్తూ. రేపటి ఇంజక్షన్లకు ఆర్డరు కాగితం పెద్ద డాక్టరు గారి చేతిలోనే ఉంది.

నేను లేచి కవరు బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను.

చిన్న డాక్టరు గారు కవరు చదివి, "నాలుగు రోజులా, వరసగానా?" అని మాత్రం అడిగారు.

"అవును సార్. ఆఖరుది ఇరవై నాలుగో తేదీ రాత్రి."

పెద్ద డాక్టరు గారు కవరు ముట్టుకోలేదు. చేతిలోని ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. "విరుగుడు మొదలుపెట్టండి. ఇంజక్షన్లు వద్దు" అన్నారు. అంతటితో యాదమ్మ ప్రాణం దక్కింది. ఆ మాట న్యాయంగా రాయాలి. గర్విష్ఠి అయినా, తప్పని తెలిశాక ఆయన మొండికేయలేదు.

తరువాత సూపరింటెండెంట్ గారు మాట్లాడారు.

"కేసు షీటులో ఏం రాద్దాం?"

ఆయనే అందుకున్నారు.

"చూడండి సుగుణ గారూ, మీరు వారానికోసారి అని నోటితో చెప్పారు కదా, మొదటి రోజు?"

"వారం అనే మాట వచ్చింది సార్. కవరు మీద మాత్రం..."

"చెప్పారు. అంతే కదా కావలసింది. రోగి సూచనలు పాటించలేదు. అది అబద్ధం కాదు." ఆయన కవరు తీసి సొరుగులో పెట్టుకున్నారు. "మీ రిటైర్మెంట్‌కు ఇంకా చాలా ఏళ్ళున్నాయి. మీ ఒక్కరి సంగతి కూడా కాదు ఇది."

చిన్న డాక్టరు గారు ఏదైనా అంటారేమోనని చూశాను. ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. నేను సంతకం చేశాను. ఇంగ్లీషులో ఒకటే వాక్యం.

ఆ సాయంత్రం వరండాలో సాయిలుకు విషయం చెప్పింది నేను కాదు, డ్యూటీ డాక్టరు. నీ భార్య మందులు తప్పుగా మింగింది అని చెప్పారు.

రెండు ఫైళ్ళు

అదే ఏడు జూన్‌లో కృష్ణప్రసాద్ కూడా మందు తప్పు వాడాడు. ఎవరో బయటి డాక్టరు చెబితే స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేసి, ఆఫీసు బాత్‌రూములో పడిపోయాడు. అతని ఫైలులో పెద్ద డాక్టరు గారు స్వయంగా రాశారు: సమాచార లోపం, మా వైపు నుంచి మరింత స్పష్టంగా చెప్పవలసింది. అతని అన్నయ్య ఇంగ్లీషులో ఉత్తరం రాయగలడు. అతను తన పట్టిక తీసి, ఏ తేదీన ఎవరు ఏమన్నారో చూపించగలడు. యాదమ్మ దగ్గర ఉన్న ఒకే కాగితం మేము సొరుగులో పెట్టుకున్నాం.

మందు ఒకటే, ఆస్పత్రి ఒకటే. తప్పు మాత్రం ఒకచోట మాది, ఇంకోచోట ఆమెది.

యాదమ్మ మూడు వారాలకు కోలుకుని ఇంటికి వెళ్ళింది. డిసెంబరులో ఒకసారి వచ్చింది. మాత్రల కవరు తీసుకోవడానికి చేయి చాపలేదు, సాయిలు తీసుకున్నాడు. "దీని చేతికి ఇయ్యకున్రి" అన్నాడు. ఆ తరువాత రాలేదు. మణికొండ వైపు వెళ్ళే ఆయాతో రెండుసార్లు కబురు పంపాను. మందు పేరు చెబితేనే యాదమ్మ వణుకుతోందని, మళ్ళీ తప్పు చేస్తానని భయపడుతోందని, ఇంట్లో కూడా ఎవరూ బలవంతం చేయడం లేదని ఆయా వచ్చి చెప్పింది. ఎండాకాలంలో వ్యాధి నిజంగానే తిరగబెట్టింది. పోయిందని వానలు పడ్డాక తెలిసింది.

మా పొరపాటుతో ఆమె చనిపోలేదు, ఆ పుండు మానిపోయింది. మేము రాసిన వాక్యంతో చనిపోయిందని నా నమ్మకం. పొరపాటు మాది అని చెప్పి ఉంటే ఆమె మందును నమ్మేది, కనీసం తనను తాను నమ్మేది. ఇరవై ఏళ్ళుగా ఇదే అనుకుంటున్నాను. దీన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ రాయరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. గదిలో నిజం చెప్పాను కదా అని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. గదిలో ఉన్నవాళ్ళందరికీ నిజం తెలుసు. తెలియవలసిన మనిషి బయట బల్ల మీద ఉన్నాడు. తలుపు తీస్తే నాలుగడుగులు.

మర్నాడు

నవంబరు 4, బుధవారం. ఎనిమిదిన్నరకు రౌండ్సు. ముందు పెద్ద డాక్టరు గారు, వెనక చిన్న డాక్టరు గారు, కేసు షీట్లు పట్టుకుని నేను. యాదమ్మ పెదవులకు ఊదారంగు మందు పూసి ఉంది. జ్వరం లేదు. సాయిలు మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు, ఆమె వైపు చూడకుండా.

పెద్ద డాక్టరు గారు నోరు తెరిపించి టార్చి వేసి చూశారు. తరువాత వార్డంతా వినపడేలా అన్నారు:

"ఏమ్మా, వారానికోసారి వేసుకోవలసినవి రోజూ మింగుతావా? ప్రాణం మీద తీపి లేదా? సిస్టర్ నీకు వారానికోసారి అని చెప్పిందా లేదా?"

యాదమ్మ నా వైపు చూసింది. ఆమెకు కవరు గుర్తుంది. దాని మీద ఏముందో ఆమె ఒకటికి రెండుసార్లు చదివింది, నా ముందే. నేను కేసు షీటు మీద తేదీ వేస్తున్నాను. వేయడం అయిపోయింది, అయినా తల ఎత్తలేదు.

"చెప్పింది సార్" అంది, పుండ్ల మధ్య నుంచి ఒక్కో మాటా లాగుతూ. "సిస్టరమ్మ మంచిగనే చెప్పింది. నాకే మతి లేకపాయె."

సాయిలు నుదురు కొట్టుకున్నాడు.

"రాయండి సిస్టర్, పేషెంటు ఒప్పుకుంది" అన్నారు పెద్ద డాక్టరు గారు.

టైము వేసి రాశాను. ఆయన పక్క మంచం దగ్గరికి నడిచారు. నేనూ వెళ్ళాను.